కడేనా మేడమీద ఒక దినము

యంత్రమును ప్రేమించుట తప్పని చెప్పువారితో నేను ఏకీభవింపను. రైలుబండిని చూచి గంతులు వేయని బాలుడు నా తరగతిలో ఇంతవరకు ఒక్కడును కానరాలేదు. ఆ బాలుడే పెద్దవాడై, జీతములో మిగిల్చిన సొమ్ముతో బారెడు లెన్సు కొని, యుద్ధవిమానములను వెదకుచు దేశములు తిరిగినచో మాత్రము మనము నవ్వుదుము. నా మేనల్లుడు అట్టివాడు. హకీంపేట శిక్షణవిమానముల మ్రోతక్రింద పెరిగినాడు. అచ్చట గోడచెంత కెమెరా ఎత్తుట నిషిద్ధము గనుక, ఆ కోరికను జపానులో ఉద్యోగము దొరకిన పిదప తీర్చుకొనుచున్నాడు. గడచిన దసరా సెలవులలో నన్నును తనవెంట ఒకినావా ద్వీపమునకు గొనిపోయెను.

కడేనా ఆ ద్వీపమందలి చిన్న పట్టణము. 1944లో జపాను సైన్యము అచ్చట విమానములు దిగుటకు ఒక మైదానమును సిద్ధపరచెను. 1945 ఏప్రిలులో అమెరికను సేనలు తీరమున దిగి దానిని పట్టుకొనినవి. 1972లో ద్వీపము జపానునకు తిరిగి వచ్చినది గాని స్థావరము రాలేదు. ఆ పట్టణపు నేలలో నూటికి 82 పాళ్లు కంచెకు లోపలనే యున్నవి. ఊరిలో స్థావరమున్నదనుట కంటె, స్థావరపు అంచున ఊరు మిగిలినదనుట సత్యమునకు దగ్గర. కంచెకు ఎదురుగా, బాటకు ఈవల, బాటసారుల కొరకు కట్టిన భవనమొకటి కలదు. క్రింది అంగళ్లలో చిలగడదుంప మిఠాయిలు అమ్ముదురు. 1605లో చైనానుండి ఆ దుంపను తెచ్చి ద్వీపవాసులను కరవునుండి కాపాడిన నోగుని సోకన్ ఈ ప్రాంతపువాడే. అన్నిటికంటె పై అంతస్తున మాత్రము కెమెరాల సంత.

మేము తొమ్మిది గంటలకు ఎక్కునప్పటికే పదునైదుగురు ముక్కాలిపీటలు నిలిపి కాచుకొనియుండిరి. ఆ మేడ స్థావరమునకు ఉత్తరముననుండుటచే చూపెల్ల దక్షిణమునకు. పగలు చాలవరకు సూర్యుడు ఎదురుగానే యుండును. అందుచే ప్రొద్దుటి ఏటవాలు వెలుగే వారికి ధనము. ఎండ ముదిరినకొలది కాంక్రీటునుండి లేచు వేడిగాలిలో విమానము నీటిలోని నీడవలె వణకును. ఎంత ఖరీదైన లెన్సయినను దానిని సరిదిద్దలేదు. జెట్టు విమానమును పట్టుటకు సెకనులో వెయ్యవవంతు కాలము తగినది. ప్రొపెల్లరు గలదానిని అంత వేగముగా తీసినచో, తిరుగుచున్న రెక్కలు నిలిచిపోయినట్లు పడి, విమానము దారమున వ్రేలాడగట్టిన బొమ్మవలె కనబడునట. ఇట్టి సూక్ష్మములను మేనల్లుడు చెప్పుచుండగా, వ్యాకరణములో ఒక అపవాదసూత్రమును వివరించు పండితుని ఆనందమే అతని ముఖమున చూచితిని.

1979నుండి అచ్చట కాపురమున్న ఎఫ్-15 విమానములను 2022లో మొదలిడి క్రమముగా మరలించిరట. మాకు కనబడినవి ఆకాశమున ఇంధనము పంచు కేసీ-135లు, ఆ పిదప ఎఫ్-35లు. రెండు ఎఫ్-35లు ఒకదానివెంట నొకటి సుమారు 3,700 మీటర్ల రన్‌వేపై పరుగెత్తి లేచినవి. తడిగాలిలో వాని రెక్కలపై తెల్లని ఆవిరి ఒక్కక్షణము తోచి మాయమైనది. అది సుందరమని ఒప్పుకొనక తప్పదు. కాని ఆ ధ్వని చెవితో విన్నది కాదు, రొమ్ముతో విన్నది. మేనల్లుడు ఏదో చెప్పుచునే యున్నాడు. పెదవులు కదలుచున్నవి, మాట లేదు. పిదప అతడును ఊరకుండెను. నాకు తోచినది తరగతిగది. ఉపాధ్యాయుడు సుద్దముక్క పట్టుకొని, వాక్యము మధ్య ఆగి, పిల్లలవంక చూచుచు నిలిచియుండును. కిటికీలకు ధ్వనినివారణపు అద్దములు బిగించిరి గాని, పిల్లలు ఆడుకొను ఆవరణకు ఏ అద్దము బిగింతురు?

ప్రయాణమునకు ముందే నేను చదివిన సంగతి యొకటి. 1959 జూను 30వ తేదీ ఉదయమున ఈ స్థావరమునకు చెందిన ఎఫ్-100 విమానమొకటి చెడిపోగా, చోదకుడు వెలుపలికి దూకి బ్రతికెను. విమానము ఇషికావాలో ఇండ్లమీదను, మియామోరి ప్రాథమిక పాఠశాలమీదను పడినది. పిల్లలు పాలు త్రాగు వేళ. 11 మంది విద్యార్థులు, 6గురు ఊరివారు మరణించిరి; ఆ గాయముల పర్యవసానమున ఇంకొక విద్యార్థి అనంతరకాలమున కన్నుమూసెను. ధ్వని విషయమై 1982లో చుట్టుపట్ల ప్రజలు న్యాయస్థానమునకెక్కిరి. తీర్పులు నష్టపరిహారము ఇప్పించినవి గాని, విమానములను ఆపుమనలేదు. చెవికి వెలకట్టి చేతిలో పెట్టు న్యాయము నాకు బోధపడదు.

మేడమీద ఒక మూల కెమెరా లేని వృద్ధుడు కూర్చుండెను. చేతిలో చిన్న పుస్తకము. మేనల్లుడు జపాను భాషలో పలుకరింపగా, తాను సమీపముననే కాపురముండువాడనని చెప్పి పుటలు చూపెను. ప్రతి విమానము లేచిన వేళ వ్రాసియున్నది. కొన్నిటి ప్రక్కన నిలువుగీత కలదు. అది మనుష్యులు మాట ఆపవలసివచ్చిన గుర్తట. కెమెరావాండ్రలో ఎవరును ఆయనను ఎరుగని వారు లేరు. ఆయనకు వారిపై కోపమును లేదు. బొమ్మలో మ్రోత పడదు గనుక పుస్తకము కావలసివచ్చినదని నవ్వెను.

పదకొండు గంటల ప్రాంతమున ఆయన మంచినీళ్లకు క్రిందికి దిగినపుడే ఆ ఎఫ్-35లు లేచినవి. శబ్దము విన్నాడు గాని వేళ గుర్తింపలేదు. కెమెరా ప్రతి బొమ్మకును కాలమును తానే వ్రాసికొనును గదా. మేనల్లుడు వెనుకకు త్రిప్పి 11 గంటల 14 నిమిషములని చెప్పెను. వృద్ధుడు వ్రాసికొని, కలము ఎత్తి పట్టుకొని, ఏదో అడిగెను.

"మామయ్యా, మనము మాట ఆపితిమా యని అడుగుచున్నాడు," అనెను మేనల్లుడు.

"ఆపితిమని చెప్పుము," అంటిని.

ఆయన రెండు గీతలు గీచెను.