కాయ కాయని చెట్టు



చెర్రీ అనగానే మన పల్లెల్లో కేకుల మీద, బన్నుల్లో కనిపించే ఎర్రటి తియ్యటి ముక్కలే గుర్తుకు వస్తాయి. వాటిలో చాలా భాగం నిజానికి చక్కెర పాకంలో ఊరవేసిన వాక్కాయలే. అసలు చెర్రీ చల్లని దేశాల చెట్టు. అందులో పండ్ల కోసం పెంచే రకాలు వేరు, కేవలం పూల కోసం పెంచే రకాలు వేరు. ఈ పూల చెర్రీ గురించి, దాని నీడలో మేము నేర్చుకున్న ఒక సంగతి గురించి వ్రాస్తున్నాము.

పూల చెర్రీని శతాబ్దాలుగా ప్రేమతో పెంచుతున్న దేశం జపాను. అక్కడ దీనిని సకురా అంటారు. మేమిద్దరము ఉద్యోగరీత్యా గుంటూరు జిల్లా నుండి వచ్చి అమెరికాలోని మేరీలాండ్‌లో, వాషింగ్టన్ నగరానికి దగ్గరలో ఉంటున్నాము. ఆ నగరంలో టైడల్ బేసిన్ అనే పెద్ద నీటిమడుగు చుట్టూ సకురా చెట్లు బారులు తీరి ఉంటాయి. ఎలీజా సిడ్మోర్ అనే రచయిత్రి 1885లో జపాను చూసి వచ్చి, ఈ చెట్లను ఇక్కడ నాటండని అధికారులను అడగడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్లకు పైగా ఆమె మాట ఎవరూ చెవిని పెట్టలేదు. చివరకు 1910లో జపాను నుండి 2,000 మొక్కలు వచ్చాయి. పరీక్షించి చూస్తే వాటికి పురుగు, తెగులు ఉన్నాయి. అన్నిటినీ తగులబెట్టవలసి వచ్చింది. టోక్యో మేయరు యుకియో ఒజాకి అందుకు నొచ్చుకోలేదు. టోక్యో నగరం మళ్లీ 3,020 మొక్కలు సిద్ధం చేసి పంపింది. 1912 మార్చి 27న అధ్యక్షుడు టాఫ్ట్ గారి భార్య, జపాను రాయబారి గారి భార్య మొదటి రెండు మొక్కలు నాటారు. తినదగిన పండు ఒక్కటి కూడా ఇవ్వని చెట్టు కోసం రెండు దేశాల వారు ఇంత శ్రమపడ్డారు.

ఆ 3,020లో 350 మొక్కలు కాంజాన్ అనే రకం. మా ఇంటి ముందు ఉన్నదీ అదే. టైడల్ బేసిన్ చుట్టూ ఎక్కువగా ఉండే యోషినో రకం మార్చి చివరిలోనో ఏప్రిల్ మొదట్లోనో తెల్లగా పూసి రాలిపోతుంది. సుమారు రెండు వారాల తరువాత కాంజాన్ ముదురు గులాబీ రంగులో గుత్తులు గుత్తులుగా పూస్తుంది. మన రేక మందారానికి, ముద్ద మందారానికి ఉన్న తేడాయే ఈ రెండింటికీ ఉన్నది. యోషినో పువ్వుకు ఐదు రేకులు. కాంజాన్ పువ్వుకు ఇరవైకి పైగా రేకులు. పుప్పొడినిచ్చే కేసరాలు చాలావరకు రేకులైపోయాయి. కాయ కావలసిన నడిమి భాగము చిన్న ఆకుల వలె మారిపోయింది. అందుచేత దానికి కాయ పడదు, విత్తనము ఉండదు. ఆ పువ్వుకు నిండుదనము ఎక్కడ నుండి వచ్చిందో, కాయ లేకపోవడమూ అక్కడ నుండే వచ్చింది.

విత్తనము లేని చెట్టు ఎలా పెరుగుతుందని అడగవచ్చు. మామిడి అంటు కట్టడం చూసినవారికి ఇది సుళువుగా అర్థమవుతుంది. అడవి చెర్రీ మొక్క వేరు మీద కాంజాన్ కొమ్మను అంటు కడతారు. అలా ఒక చేయి తీసి మరొక చేతికి అందించడం వలననే ఈ చెట్టు దేశదేశాలకు వెళ్లింది. వాషింగ్టన్ చెట్లకు తల్లివనము వంటిది టోక్యో దగ్గర ఆరకావా నది ఒడ్డున ఉండేది. యుద్ధకాలములో అది పాడైపోయింది. 1952లో జపాను సహాయం కోరినప్పుడు ఇక్కడి చెట్ల నుండే కొమ్మలు తీసి అక్కడికి పంపారు. విత్తనము లేకుండానే తల్లి ఋణము తీరింది.

ఈ చెట్టుకు పూలు ఉండేది వారము పది రోజులు. సేవ మాత్రము ఏడాది పొడుగునా చేయాలి. నాటేటప్పుడు అంటు కట్టిన చోటు మట్టిలో కూరుకుపోకూడదు. నీరు నిలిచే నేల దీనికి పడదు, వేరు కుళ్లిపోతుంది. మొదటి రెండు వేసవులు వారానికి ఒకసారైనా నేల లోతుగా తడిసేలా నీరు పెట్టాలి. పాదులో రెండు మూడు అంగుళాల మందాన చెక్కపొట్టు పరుస్తాము గాని, దానిని మానుకు తగలనివ్వము. ఆకురాలు కాలములో జింకలు వచ్చి కొమ్ములతో బెరడు గీకుతాయి గనుక మాను చుట్టూ ఇనుప వల కడతాము. కొమ్మలు ఎక్కువగా నరకడం దీనికి గిట్టదు. ఎండిన కొమ్మ తీయవలసివస్తే, పూలు రాలిన తరువాత పొడి వాతావరణములో తీస్తాము. చలికాలములో కోస్తే ఆ గాయములో తెగులు చేరుతుంది. వేసవిలో జపాను పెంకు పురుగులు వచ్చి ఆకులను జల్లెడ చేస్తాయి. పొద్దున్నే, అవి మందకొడిగా ఉన్నప్పుడే, చేతితో రాల్చి సబ్బు నీళ్లలో వేస్తాము. వచ్చే సంవత్సరపు పూమొగ్గలు ఈ వేసవిలోనే కొమ్మ లోపల రూపము దిద్దుకుంటాయి. పువ్వు కంటికి కనబడని నెలల్లో చేసిన సేవే మరుసటి ఏప్రిల్‌లో బయటపడుతుంది.

మా చెట్టుకు ఏడేళ్లు వచ్చిన ఏప్రిల్‌లో ఊరి నుండి అమ్మ వచ్చింది. మాలో ఒకరికి తల్లి, ఒకరికి అత్తగారు. ఇద్దరమూ అమ్మా అనే పిలుస్తాము. వచ్చిన మరునాడు అరుగు మీద కుర్చీ వేసుకొని చెట్టు వైపు చాలాసేపు చూసింది.

"ఇంత పూత పూసింది. కాయ నిలుస్తుందా అబ్బాయ్?" అని అడిగింది.

"లేదమ్మా, ఇది పూల చెట్టే. కాయ కాయదు."

"ఒక్కటి కూడానా?" అన్నది. ఆ మాట నోటి నుండి వచ్చిన తరువాత మా ముఖాలు చూసి, పైట చెంగు సర్దుకొని ఊరుకున్నది.

మాకు వివాహమై పందొమ్మిది సంవత్సరములు. దేవుడు మాకు పిల్లలను ఇవ్వలేదు. వైద్యులు చేయగలిగినది చేశారు. మేము చేయగలిగిన ప్రార్థనలు చేశాము. ఇంత దూరములో ఉన్నా ఊరి నుండి వచ్చే ప్రతి ఫోనులోనూ "ఏమైనా విశేషమా?" అన్న ప్రశ్న వచ్చేది. ఒకసారి సెలవులకు వెళ్లినప్పుడు ఒక కూటములో ప్రసంగీకుడు ఫలించని అంజూరపు చెట్టు వాక్యము తీసి, సంతానము లేని దంపతులు లేచి నిలబడి తమ దాచిన పాపములు ఒప్పుకోవాలని పిలిచాడు. మేము లేవలేదు. చుట్టూ కూర్చున్నవారు మా వైపు తిరిగి చూశారు. ఆ చూపులు మా వెంట చాలా కాలము వచ్చాయి.

అమ్మ ఆ వేసవి అంతా మాతో ఉన్నది. వేరు మొదట్లో నుండి అడవి చెర్రీ పిలకలు లేస్తుంటే మాకంటే ముందు ఆమే పట్టేది. "పైకి కోస్తే మళ్లీ వస్తుంది, మొదటికంటా తవ్వి పీకాలి, మన అంటుమామిడికి చేసినట్టే" అని మాకు చెప్పేది. ఒక సాయంకాలము పాదు దగ్గర కూర్చొని ఉన్నట్టుండి అన్నది:

"మన పెరట్లో ముద్ద మందారం ఉండేది గుర్తుందా? ముప్పై ఏళ్లు పూసింది. అడిగినవాళ్లందరికీ మీ నాన్న కొమ్మలు తుంచి ఇచ్చేవారు. ఇప్పుడు ఊళ్లో సగం ఇళ్లల్లో ఉన్నది ఆ చెట్టే. దాన్ని కాయలేదేమని నేను ఏనాడూ అడగలేదు."

అంతకు మించి ఆమె ఏమీ అనలేదు. మేమూ ఏమీ అనలేకపోయాము.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో లూకా సువార్త 13వ అధ్యాయము తీసి చదివాము. అక్కడ యజమానుడు ఫలము వెదకినది అంజూరపు చెట్టునందు. అది కాయడానికే నాటబడిన చెట్టు. ప్రభువు ఆ ఉపమానము చెప్పినది మారుమనస్సు గురించి. సంతానము మాట అందులో లేదు. మనమందరము ఫలింపవలసిన ఆత్మ ఫలము గలతీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయములో ఉన్నది. ప్రేమతో మొదలై ఆశానిగ్రహముతో ముగిసే ఆ ఫలము ప్రతి విశ్వాసి నుండి దేవుడు కోరుతున్నాడు. బిడ్డలైతే ఆయన ఇచ్చే బహుమానము. బహుమానము ఎవరికి ఇవ్వాలో ఇచ్చువాని చిత్తము. ఈ రెండింటినీ ఒకటిగా కలిపి బోధించినందువలన మన సంఘాలలో ఎందరో దంపతులు, మరి ముఖ్యముగా స్త్రీలు, మౌనముగా కన్నీరు విడుస్తున్నారు.

యెషయా గ్రంథము 56వ అధ్యాయము చదవండి. తనను తాను ఎండిన చెట్టు అనుకొనవద్దని దేవుడు నపుంసకునికి చెప్పి, కుమారులు కుమార్తెల కంటె శ్రేష్ఠమైన పేరును తన మందిరములో వాగ్దానము చేశాడు. అకుల ప్రిస్కిల్లల పిల్లల గురించి బైబిలు ఎక్కడా చెప్పదు. వారి ఇంట కూడిన సంఘము గురించి, అపొల్లోకు వారు దేవుని మార్గము వివరించిన విధము గురించి చెప్తుంది. పౌలుకు తిమోతి విశ్వాసములో కుమారుడు. ఇవన్నీ అంటు కట్టిన కొమ్మల వంటివే.

జపానులో పెండ్లి వేళ, పెండ్లి నిశ్చయమయ్యే వేళ, ఉప్పులో ఊరవేసిన సకురా పువ్వును వేడి నీళ్లలో వేసి అతిథులకు ఇస్తారు. అందుకు ఎక్కువగా వాడేది ఈ కాంజాన్ పువ్వే. కాయ కాయని చెట్టు పువ్వును శుభకార్యములో ముందుంచడానికి వారికి సంకోచము లేదు. మన ఇండ్లలో పెండ్లి పందిట్లో, సీమంతములో, బిడ్డను ప్రతిష్ఠించే ఆరాధనలో సంతానము లేని సహోదరిని వెనుక వరుసలో ఎందుకు కూర్చోబెడుతున్నాము?

అమ్మ ఊరికి తిరిగి వెళ్లిన తరువాత ఒక ఆదివారము ఫోను చేసింది. స్త్రీల సమాజపు ప్రార్థన పట్టీలో "సంతానము కొరకు" అన్న వరుసలో ఎన్నో ఏళ్లుగా ఉన్న మా పేర్లను తానే అడిగి తీయించిందట. ఇక్కడి తెలుగు సహవాసములో మేము పిల్లలకు చెప్తున్న సండేస్కూలు కొరకు, "పరిచర్య కొరకు" అన్న వరుసలో వ్రాయించిందట. "ఎంతమంది పిల్లలు వస్తున్నారో చెప్పండి, పేరు పేరునా ప్రార్థన చేస్తాము" అని అడిగింది. పదునాలుగు పేర్లు ఆమెకు చెప్పాము.

మీ సంఘములో ఇటువంటి దంపతులు ఉంటే, విశేషమేమిటని అడగడం మాని, వారికి మీ పిల్లలను ఒక గంట అప్పగించండి. ఒక పాట నేర్పమనండి, ఒక వాక్యము కంఠస్థము చేయించమనండి. మీ బల్ల దగ్గర వారికి చోటివ్వండి. ఇటువంటి దుఃఖములో ఉండి ఇది చదువుతున్న సహోదరీ, సహోదరుడా, ఈ చెట్టును సృష్టించిన దేవుడే మిమ్మును సృష్టించాడు. ఆయన తోటలో మీకు నియమించిన స్థలములో ఆయన మిమ్మును వర్ధిల్లజేయును గాక. ఆమేన్.