ఏడో తరగతిలో తొమ్మిదో తరగతి

ఆరో తరగతిలోనే 'ఐఐటి ఫౌండేషన్' సెక్షన్లో కూర్చున్నవాళ్ళు మన హాస్టల్లో ఏ ఫ్లోర్‌కి పోయినా దొరుకుతారు. నేనూ ఆ బ్యాచే. తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూలు (పేరెందుకులెండి), ఆరు నుంచి ఎనిమిది దాకా. బాగా చదివే పిల్లల్ని వేరుచేసి, వాళ్ళ బుర్రకు తగ్గ పని పెడతామని చెప్పి చేర్చుకున్నారు. నిజంగా పెట్టారా అన్నదే నా సందేహం.

ఏడో తరగతికే వర్గ సమీకరణాలు, న్యూటన్ సూత్రాలు, వేలన్సీలు. వినేదానికి ఘనంగా ఉంటుంది. ఇంటికి చుట్టాలొస్తే అమ్మ నా చేత 'మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్ రూట్' అప్పజెప్పించేది. ఆ సూత్రం ఎట్లొచ్చిందో మూడేళ్ళలో ఎవరూ చెప్పలేదు. అడిగేదానికి టైమూ లేదు. శనివారం పరీక్ష, సోమవారం ర్యాంకులు, ర్యాంకును బట్టి సెక్షన్లు. బిట్టుకు ఒక నిమిషం. నిమిషంలో తేలకపోతే వదిలేసి తర్వాతి దానికి పోవాల. తొమ్మిది, పది తరగతుల పాఠాల్ని ముందే చెప్పారంతే. అది తొందర. కష్టం వేరే.

ఆ తేడా నాకు తెలిసింది పుత్తూరు దగ్గర మా పిన్ని వాళ్ళ పల్లెలో. పిన్ని కూతురు నాకంటే రెండు నెలలు పెద్దది. జిల్లా పరిషత్ హైస్కూలు. సంక్రాంతి సెలవుల్లో నోటుబుక్కు తెచ్చి, "నాలుగంకెలు చెప్పరా, అన్నీ ఒకటే కాకుండా" అనింది. 3524 అన్నా. పెద్ద నుంచి చిన్నకు పేరిస్తే 5432, తిరగేస్తే 2345, తీసేస్తే 3087. మళ్ళీ అట్లే చేస్తే 8352. ఇంకోసారి చేస్తే 6174. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా 6174 దగ్గరే ఆగిపోతుంది. మహారాష్ట్రలో దేవళాలీ స్కూల్లో లెక్కల సారుగా పనిచేసిన కాప్రేకర్ 1949లో బయటపెట్టిన సంగతి ఇది.

వాళ్ళ లెక్కల సారు సాయంత్రం బడి వదిలాక దీన్ని బోర్డు మీద రాసి, కారణం చెప్పకుండా ఇంటికి పోయినాడంట. వారం రోజులు ఆ పిల్లలు దాంతోనే. మూడంకెలకైతే 495 అని వాళ్ళే పట్టుకున్నారు. రెండంకెలకు ఆగదు: 81, 63, 27, 45, 09, మళ్ళీ 81. ప్రతి జవాబూ తొమ్మిదితో ఎందుకు భాగించబడతా ఉందో ఇంకా తేలలేదని చెప్పింది. "ఫార్ములా ఏంది?" అన్నా నేను. "అది తెలిస్తే నిన్నెందుకు అడుగుతా?" అనింది.

ఆ రాత్రి ఇద్దరం మిద్దె మీద కూర్చున్నాం. అంకెల్ని ఎ, బి, సి, డి అనుకుంటే తేడా 999(ఎ-డి) + 90(బి-సి) అవుతుందని పదకొండు గంటలకో ఎప్పుడో తేలింది. రెండింట్లోనూ తొమ్మిదుంది! దీనికి కావాల్సిన బీజగణితం ఏడో తరగతి పుస్తకంలోదే. ఫౌండేషన్ మెటీరియల్లో ఒక్క పేజీ కూడా పనికి రాలేదు.

అట్లని సర్కారు బడి అంతా ఇట్లాగే ఉంటుందని చెప్పను. ఆ సారు సాయంత్రం క్లాసు పెట్టింది అసలు ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష కోసం. అందులోనూ సిరీసులు, కోడింగులు, బిట్లే. కానీ ఎనిమిదో తరగతిలో అది పాసైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. నాలుగేళ్ళకు 48,000. పిన్ని కూతురికి వచ్చింది. రాకపోయుంటే పదితో ఆపేసేవాళ్ళమని చిన్నాయన ఇప్పటికీ అంటాడు. అందుకే బిట్ల చదువును నేను తేలిగ్గా తీసిపారేయలేను. మా సెక్షన్లో ఫిజిక్స్ సారు కూడా మంచోడే, సిలబస్ ఆయన్ను ఊపిరి తీసుకోనిస్తే కదా.

మా స్కూల్లో 'ఒలింపియాడ్' అంటే ఫీజు కట్టి బిట్లు పెట్టి, మెడలో పతకం వేసుకుని ఫొటో దిగడం. అసలు గణిత ఒలింపియాడ్ ఒకటుందని, అందులో ఆర్.ఎం.ఓ. దశలో ఆరు లెక్కలకు మూడు గంటలిస్తారని నాకు ఇంటర్లో తెలిసింది. లెక్కకు అర్ధగంట! నిమిషం అలవాటైన ప్రాణానికి అర్ధగంట ఏం చేసుకోవాలో తోచదు. ఫస్టియర్ ట్యుటోరియల్ షీట్లలో ఏ చాప్టరు లెక్కో పైన రాసుండకపోతే మన గదుల్లో ఎంత నిశ్శబ్దమో మీకూ తెలుసు.

మా తమ్ముడు ఇప్పుడు ఐదు అయిపోయి ఆరుకొచ్చాడు. ఫౌండేషన్లో వెయ్యాలా వద్దా అని పోయిన వారం నాయన ఫోన్ చేశాడు. "వాళ్ళు వారానికి ఒక్క లెక్కన్నా జవాబు చెప్పకుండా పిల్లోళ్ళకు వదిలేస్తారేమో కనుక్కో నాయనా" అన్నా.

"జవాబు చెప్పనోళ్ళకు ఫీజెందుకు కట్టాలరా?" అన్నాడు.