పిల్లల నడకను బట్టి



వరికోతలు ముగిసి బడులకు సెలవులు ఇచ్చారంటే మన పల్లెల్లో పిల్లల మాట ఒక్కటే: "హైదరాబాదుకు ఎప్పుడు పోదాం?" 2023 మే నెలలో నస్రుల్లాబాద్‌లోని మా ఇంట్లోనూ అదే పాట. అప్పుడు పెద్దమ్మాయికి పదేండ్లు, అబ్బాయికి ఏడు, చిన్నపాపకు మూడు. ఏడాదంతా సంఘం పనులలో తిరిగే నేను ఆ వేసవిలో సరేనన్నాను.

మనవంటి వాళ్లం మాటిమాటికీ పట్నం పోలేం గదా! అందుకే ఒక కాగితం మీద అన్నీ వ్రాసుకున్నాను. సోమవారం జూ పార్కు, సాయంత్రం హుస్సేన్‌సాగర్. మంగళవారం రామోజీ ఫిల్మ్ సిటీ. బుధవారం ఇంకో ఆటల పార్కు. ఆదివారం ఆరాధన ముగించుకొని, బాన్సువాడలో బస్సెక్కి, రాత్రికి సికింద్రాబాదులోని మా బావమరిది ఇంటికి చేరాం.

సోమవారం పొద్దున బహదూర్‌పురా చేరేసరికి జూ గేటు మూసి ఉంది. జూకు వారపు సెలవు సోమవారమే. 1963 నుండి ఉన్న జూ. ఎవరిని అడిగినా చెప్పేవారు. నేను అడగలేదు. ఆదివారం తరువాత పాస్టరుకు తీరిక దొరికేది సోమవారమే గనుక, నా తీరికను బట్టి లెక్క వేసుకున్నాను.

అప్పుడే ఇంటికి తిరిగి పోవలసింది. కానీ రోజు దండుగ కాకూడదని ఆటో మాట్లాడి ఫిల్మ్ సిటీకి బయలుదేరదీశాను. అది పట్నానికి మరో కొసన, విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్ దాటిన తరువాత ఉంది. చేరేసరికి మిట్టమధ్యాహ్నం. రోజంతటికీ డబ్బు కట్టి సగం కూడా చూడలేదు. చిన్నపాప నా భుజం మీద నిద్రపోయింది. పెద్దమ్మాయి తలనొప్పి అన్నది. నేను మాత్రం "నడవండి, ఇంకా చాలా ఉంది" అంటూనే ఉన్నాను. నా భార్య ఆగి, "ఏమండీ, పిల్లల కోసం వచ్చామా, మీ కాగితం కోసం వచ్చామా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అయినా బుద్ధి రాలేదు. మరుసటి రోజు ఆటల పార్కుకు తీసుకుపోయాను. అక్కడ పెద్ద ఆటలు ఎక్కాలంటే వయస్సు కాదు, ఎత్తు చూస్తారు. పిల్లల క్షేమం కోసమే ఆ నియమం. మావాణ్ణి కొలత కర్ర దగ్గర నిలబెట్టారు. చాలలేదు. వాడు ఏడుపు అందుకున్నాడు. "ఇంత డబ్బు పోసి తెస్తే ఏడుస్తావా?" అని అందరి ముందూ కసిరాను. వాడు కళ్లు తుడుచుకొని, "నేను పొట్టిగున్నది నా తప్పా డాడీ?" అన్నాడు.

ఊరికి వచ్చాక పక్కింటి పెద్దమ్మ, "పట్నంల ఏం చూసినవ్ బిడ్డా?" అని వాణ్ణి అడిగింది. వాడు కాసేపు ఆలోచించి, "డాడీకి కోపమొచ్చింది" అన్నాడు. ఇంత ఖర్చు పెట్టి నా కొడుకు జ్ఞాపకంలో నేను దాచింది అదా అనిపించింది. ఆ రాత్రి వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకొని క్షమించమన్నాను. నా మెడ చుట్టూ చేతులు వేశాడు.

2024 దసరా సెలవులలో మళ్లీ వెళ్లాం. ఈసారి కాగితం అందరం కలిసి వ్రాశాం. ఒక్కొక్కరు ఒక్కొక్కటే కోరుకోవాలి, రోజుకు ఒక్కచోటికే పోవాలి అని నియమం పెట్టుకున్నాం. ఏ స్థలానికి ఏ రోజు సెలవో ముందే కనుక్కున్నాం. ఇంట్లో గోడకు నిలబెట్టి టేపుతో పిల్లల ఎత్తు కొలిచాం. అబ్బాయి ఎత్తు పెద్ద ఆటలకు ఇంకా చాలదని తెలిసింది. "పెద్దయ్యాక పోదాం" అని వాడే అన్నాడు. 2023 డిసెంబరు నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవాళ్లకు టికెట్ లేదు గనుక, ఆధార్ కార్డులు పట్టుకుపోతే నాకు పూర్తి టికెట్, అబ్బాయికి అర టికెట్‌తో ప్రయాణం గడిచింది.

మంగళవారం పొద్దున్నే జూకు పోయాం. అది 380 ఎకరాలు. చిన్న కాళ్లతో అంతా తిరగడం సాధ్యం కాదు. కొంత దూరం బ్యాటరీ బండిలో తిరిగి, పులినీ ఏనుగునూ తీరికగా చూసి, మధ్యాహ్నానికి ఇల్లు చేరి పడుకున్నాం. బుధవారం పగలు విశ్రాంతి. సాయంత్రం మాత్రం హుస్సేన్‌సాగర్ గట్టు మీద కూర్చొని, 1992లో నీళ్ల నడుమ నిలిపిన బుద్ధ విగ్రహాన్ని చూస్తూ మొక్కజొన్న కంకులు తిన్నాం. గురువారం పెద్దమ్మాయి కోరిక మీద ఫిల్మ్ సిటీ, పొద్దున్నుండి సాయంత్రం దాకా. శుక్రవారం ఊరికి తిరిగి వచ్చాం.

చూసినవి తక్కువే. కానీ ఎవరూ ఏడవలేదు, నేను ఎవరినీ కసరలేదు.

ఏశావు తనతో కలిసి ప్రయాణం చేయమన్నప్పుడు యాకోబు ఏమి చేశాడో మనకు తెలుసు. పిల్లలు పసివారని చెప్పి, వారు నడవగలిగినంత మెల్లగానే వస్తానన్నాడు. ఆ భాగం మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. దాని అర్థం మాత్రం ఎండలో, పాపను భుజాన వేసుకొని తెలుసుకున్నాను.

తల్లిదండ్రులారా, వచ్చే సెలవులలో మీరూ పట్నం బయలుదేరుతుంటే కాగితం తప్పక వ్రాసుకోండి. వ్రాశాక దానిలో సగం కొట్టివేయండి. ఆ మిగిలిన సగాన్ని పిల్లల చేయి పట్టుకొని, వారి నడకతోనే చూడండి.