అలీ గెలుపులు, అలీ తిన్న దెబ్బలు

మొన్న మీటింగు అయినాక కాఫీ తాగుతూ మన బావగారు ఒకరు ఒక మాట అన్నారు. మహమ్మద్ అలీ గొప్పవాడే గానీ, గట్టిగా కొట్టేవాళ్ళ మీద అదృష్టంతో గెలిచినాడట. లిస్టన్ వయసైనవాడు, విలియమ్స్ జబ్బుమనిషి, ఫోర్‌మన్ అలసిపోయినాడు, ఇదీ ఆయన లెక్క. కాఫీ గ్లాసు చేతిలో పెట్టుకొని చెప్పే జవాబు కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆయన మాటలో కొంత నిజముంది. క్లీవ్‌లాండ్ విలియమ్స్‌కు 1964లో పోలీసు తుపాకి గుండు తగిలి ఒక కిడ్నీ పోయింది. అట్లాంటి మనిషిని 1966లో హ్యూస్టన్‌లో మూడు రౌండ్లలో ముగించడాన్ని నేనూ లెక్కలో వేసుకోను. 1965లో లిస్టన్ మొదటి రౌండులోనే పడిపోయిన రెండో పోటీ మీద అనుమానాలు ఇంకా పోలేదు. దాన్నీ తీసేద్దాం.

మిగిలింది చూడండి. 1964 ఫిబ్రవరి, మయామీ బీచ్. ప్యాటర్సన్‌ను రెండుసార్లూ మొదటి రౌండులోనే పడగొట్టిన లిస్టన్, 22 ఏళ్ళ కుర్రవాడి ముందు ఆరు రౌండ్లు అయినాక స్టూలు మీద నుంచి లేవలేదు. 1974 అక్టోబర్ 30, కిన్షాసా. ఫోర్‌మన్‌కు అప్పటికి 40 పోటీలు, 40 గెలుపులు, 37 నాకౌట్లు. అలీని ఓడించిన ఫ్రేజియర్‌నూ నార్టన్‌నూ ఇద్దరినీ రెండో రౌండులోనే ముగించినవాడు. ఎనిమిదో రౌండులో ఆయనే నేల మీద పడినాడు. అలసిపోయినాడు అంటున్నారు, సరే బావగారూ. అలసిపోయేట్టు చేసింది ఎవరు?

1975లో రాన్ లైల్ 11వ రౌండు దాటలేదు. 1977లో 50కి పైగా నాకౌట్లున్న ఎర్నీ షేవర్స్‌తో 15 రౌండ్లు నిలబడి పాయింట్ల మీద గెలిచినాడు. మొత్తం 61 పోటీల్లో ఓడింది ఐదు. ఆ ఐదుగురిలో ఒక్క దెబ్బతో పడగొట్టే పేరున్నవాడు ఫ్రేజియర్ ఒక్కడే. 1971లో 15వ రౌండులో ఎడమ చేత్తో అలీని పడేసినాడు. అయినా అలీ లేచినాడు, ఓడింది పాయింట్ల మీదనే. పది లెక్కపెట్టే దాకా అలీ ఎన్నడూ కింద పడి ఉండలేదు. దీన్ని అదృష్టం అనడం అన్యాయం.

రికార్డు అంతవరకే చెప్తుంది. రైల్వే గూడ్సు ఆఫీసులో పనిచేసినవాణ్ణి, నాకు ఒక సంగతి తెలుసు. వ్యాగన్ చేరింది అని ఒక రిజిస్టరులో రాస్తాం. సరుకు ఎంత దెబ్బతిన్నదో రాసేది వేరే రిజిస్టరు. అలీ విషయంలో అందరూ మొదటిదే తెరిచి చూస్తున్నారు.

1964లో అలీ కాళ్ళతో గెలిచినాడు. లిస్టన్ గుద్దులు చాలామటుకు గాలికే పోయినాయి. 1967లో వియత్నాం యుద్ధానికి పోను అన్నందుకు మూడున్నర ఏళ్ళు రింగుకు దూరం చేసినారు. తిరిగి వచ్చినాక ఆ కాళ్ళు లేవు. తాడుకు ఆనుకొని, చేతులు అడ్డం పెట్టి, దెబ్బలు తిని ఎదుటివాణ్ణి అలసిపోయేట్టు చేసే దారి పట్టినాడు. ప్రాక్టీసులో కూడా తోటివాళ్ళను కొట్టమని నిలబడేవాడు. కిన్షాసాలో గెలిపించింది ఈ ఓర్పే. మరుసటి ఏడు మనీలాలో ఫ్రేజియర్‌తో 14 రౌండ్లు నిలబెట్టిందీ ఇదే. షేవర్స్ పోటీ తరువాత అలీ కిడ్నీల రిపోర్టు చూసి, ఇక చాలు అని చెప్పి, వినకపోతే డాక్టర్ ఫెర్డీ పచేకో పక్కకు తప్పుకున్నాడు. ఆ రాత్రి రికార్డులో మాత్రం ఉన్నది గెలుపే.

1980లో అలీ మన మద్రాసుకు వచ్చి, నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడినాడు. కుత్తుచ్చండై అంటే ప్రాణమిచ్చే ఉత్తర మద్రాసు వాళ్ళకు అది పండగే. అదే ఏడు అక్టోబర్‌లో లారీ హోమ్స్ పది రౌండ్లు కొట్టినాక, అలీ మూలలో ఉన్నవాళ్ళే పోటీ ఆపించినారు. 1984లో పార్కిన్సన్ లక్షణాలని డాక్టర్లు చెప్పినారు. దానికి దెబ్బలు ఎంత కారణమనే దాంట్లో వాదనలున్నాయి. అన్ని వేల దెబ్బలు ఊరికే పోయినాయని మాత్రం నేను నమ్మను.

ఇంత ఎందుకు రాస్తున్నానంటే, మన పిల్లలు ఇద్దరు ఇప్పుడు బాక్సింగ్ కోచింగుకు పోతున్నారు. వాళ్ళలో ఒకడు, "ఎంత కొట్టినా పడను తాతా, అలీ మాదిరి" అని గర్వంగా చెప్పినాడు. పక్కనున్న పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టినారు. నాకు చేతులు రాలేదు.

ఒరే అబ్బాయీ, కిన్షాసా పోటీ ఒకసారి చూసి దండం పెట్టుకో. రోజూ చూడాల్సింది మయామీ పోటీ. అలీ ఎన్ని దెబ్బలు ఓర్చుకున్నాడో కాదు, ఎన్ని తప్పించుకున్నాడో లెక్కపెట్టు. పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు కూడా ఒక మాట. సాయంత్రం ఇంటికి వస్తే గెలిచినావా అని తరువాత అడగండి. తలకు దెబ్బ తగిలిందా అని ముందు అడగండి.