ముక్తపదగ్రస్తము – మనుమడి గిటారు

జగిత్యాలలో తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసి, కోరుట్లలో స్థిరపడిన నాకు ఎలక్ట్రిక్ గిటారు రణగొణధ్వనిగానే తోచేది. సిరిసిల్లలో ఉన్న మనుమడితో ఆ మాటే అన్నాను. వాడు నాతో మాట్లాడటమే తగ్గించాడు.

మొన్న వెళ్ళేసరికి డిలే పెడల్‌తో కుస్తీ పడుతున్నాడు. యూటూ బృందపు వాద్యకారుడు ది ఎడ్జ్, 1987 నాటి ‘ది జాషువా ట్రీ’లో పలికించిన నాదం కావాలట. అసలు పాట వినిపించమన్నాను. అందులో ప్రతిధ్వని స్వరాల నడుమ ఖాళీలో పడుతున్నది. వీడిది స్వరం మీదే పడి మసకబారుతున్నది.

"నిమిషానికి 120 బీట్లు తాతా, 500 మిల్లీసెకన్లు పెట్టిన" అన్నాడు.

"బీటుకు నాలుగు మాత్రలనుకో. నీ స్వరం రెండేసి మాత్రలకు పడుతున్నది. ప్రతిధ్వనిని మూడవ మాత్రకు పంపు."

375 పెట్టాడు. గది నిండిపోయింది. వీధిలోని మరమగ్గాల చప్పుడు సైతం తాళం వేస్తున్నట్లు తోచింది.

విడిచిన పదాన్నే తిరిగి అందుకొని సాగడం ముక్తపదగ్రస్తం. ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పిన ఆ అలంకారం నాకు ఆ సాయంత్రమే బోధపడింది. ఎప్పుడో విడిచిన మాటను వాడే అందుకొన్నాడు:

"తాతా, ఇంకోసారి వింటవా?"