పందిరీ, కప్పూ

పందిరికీ కప్పుకూ భేదమేమిటని తరగతిలో ఏ పిల్లవాడైనా అడిగి ఉంటే, ఏదో ఒక వ్యుత్పత్తి చెప్పి తప్పించుకొని ఉండేవాణ్ణి. ముప్పయ్యేళ్ళకు పైగా తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఆ భేదం నిజంగా బోధపడింది ఈ వేసవిలోనే, మా ఇంటి పడమటి పంచలో.

మా ఇల్లు ద్వారకా నగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్సు రొద కొంచెం దూరాన వినిపించే ఒక సందులో ఉంది. చుట్టూ అంతస్తులు లేచినా మాది ఇంకా నేలమీది ఇల్లే. పడమటి గోడకూ ప్రహరీకీ నడుమ పది అడుగుల జాగా ఉంది. అందులో ఒకప్పుడు వేపచెట్టుండేది. దాని నీడే మాకు పంచ, చావడి. సాయంకాలం వీధిలోని పిల్లలు నలుగురైదుగురు చేరితే అదే పద్యాల బడి.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను మన ఊరిమీదనే తీరం దాటిన రోజు. అది ఒక పక్షి పేరట, ఒమాన్ దేశంవారు సూచించినది. ఆ పక్షి పేరు పెట్టుకొని వచ్చిన గాలి ఊళ్ళోని పక్షులకు వాలడానికి కొమ్మ లేకుండా చేసింది. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగం. మా వేప వేళ్ళతో సహా ఒరిగి ప్రహరీ మీద పడింది. అంతకు ముందే, ఏ మేడమీదిదో ఒక ఇనుప రేకు గాలిలో తిరుగుతూ వచ్చి వంటింటి కిటికీ ఊచలకు తగిలి ఆగింది. ఆ ఊచల వెనుక మా ఇంటావిడ నిలుచుని ఉంది. ఆమెకు ఏమీ కాలేదు. ఆమె ఏమీ అనలేదు కూడా.

మరుసటి వేసవిలో చెట్టు లేని లోటు తెలిసింది. పడమటి గోడ పొయ్యిలా కాగేది. "తాటాకు పందిరి వేయిద్దామండీ" అన్నది ఆవిడ. ఏటేటా కమ్మలు మార్చాలి, నిప్పురవ్వ పడితే ప్రమాదం, పైగా ఈ ఊరి నడిబొడ్డున కమ్మలు నేసేవాడెక్కడ దొరుకుతాడని నేను వాదించి, ఇనుప గొట్టాలు పాతించి రేకులు వేయించాను. ఖర్చు ఒక్కసారే గదా అని నా లెక్క.

ఆ లెక్క ఎంత తప్పో పదేళ్ళు అనుభవించాను. మధ్యాహ్నానికి రేకు తాను కాగి, కింద కూర్చున్నవారిని కాచేది. వాన పడితే పద్యం మాట అటుంచి, పక్కమనిషి మాటే వినబడేది కాదు. సముద్రపు ఉప్పుగాలికి ముందుగా కొక్కేలు, తరువాత వాటి చుట్టూ రేకు చిల్లులు తుప్పు పట్టాయి. అసలు పొరపాటు మరొకటి. మన ఊరి అక్షాంశం సుమారు 17.7 డిగ్రీలు. మే రెండవ వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తినే ఉంటాడు; అప్పుడు పైకప్పు పనికి వస్తుంది. కాని పడమటి ఇంటిని బాధించేది నాలుగు గంటల ఎండ. అది వాలుగా, రేకు అంచు కిందుగా దూరి తిన్నగా గోడను పట్టుకుంటుంది. దానికి కావలసినది పైన కప్పు కాదు, పక్కన తడిక. మన పెద్దలు వేసవిలో గుమ్మాలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లడంలోని యుక్తి ఇదే.

ఈ ఏడు రేకులు మార్చక తప్పని స్థితి వచ్చింది. పౌర గ్రంథాలయానికి వెళ్ళి వచ్చే దారిలో నాలుగైదు దుకాణాలు తిరిగి, గుణదోషాలను పుస్తకంలో రాసుకున్నాను. పాలికార్బనేట్ పలకలు వెలుతురునిస్తాయి. కాని గాలి ఆడకపోతే కింద వేడి నిలిచిపోతుంది. ఆకుపచ్చ వల చవుక, గాలిని పోనిస్తుంది, వానను ఆపదు. మడిచే గుడ్డపందిరి సొంపుగా ఉంటుంది. ధర మాత్రం పింఛనుదారుకు తగదు. చివరకు రంగు పూసిన మందపు రేకులే ఖాయం చేసి, కొలతలకు మనిషిని పిలిచాను.

అతడు టేపు చుడుతుండగా ఆవిడ గుమ్మంలోకి వచ్చి ఒక్కటే ప్రశ్న అడిగింది:

"బాబూ, గాలి వస్తే దీన్ని విప్పొచ్చా?"

"రేకులు ఎలా ఇప్పుతారమ్మా? గట్టిగా బోల్టులు బిగించీస్తాను గదా" అన్నాడు అతడు.

ఆవిడ తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు తట్టింది నాకు. ఈ పదేళ్ళలో కొంచెం గాలి లేస్తే చాలు, ఆవిడ కుర్చీ ఎత్తుకొని లోపలికి వెళ్ళిపోయేది. దుమ్ముకని అనుకునేవాణ్ణి. రాత్రి అడిగితే చెప్పింది: "మన రేకు లేచి ఎవరింటి కిటికీకి పోతుందోనని నా భయం. మనమీద పడుతుందని కాదు." పద్యంలో ధ్వని వెతకమని పిల్లలకు చెప్పినవాణ్ణి, ఇంట్లో పదేళ్ళ మౌనానికి అర్థం పట్టలేకపోయాను.

ఆ భయం అమాయకమైనదేమీ కాదు. మూడు వైపులా తెరచి ఉన్న పంచలో గాలి కిందనుంచి ఎత్తుతుంది, పైనుంచి లాగుతుంది. వేగం రెండింతలైతే దాని బలం నాలుగింతలవుతుంది. తుప్పు పట్టిన కొక్కెం దానికి ఎంత?

అందుచేత నిర్ణయం మారింది. గొట్టాల మొదళ్ళు బాగుచేయించి చట్రం అలాగే ఉంచాము. రేకులు దించేశాము. వాటి స్థానంలో వలగుడ్డ మూడు పట్టీలుగా కుట్టించి, కొక్కేలకు తగిలించాము. పడమటి పక్క చుట్టి పైకి కట్టుకొనే వెదురు తడిక. రెండు స్తంభాల మొదట రాధామనోహరం తీగ. ప్రహరీ మూల ఒక వేపమొక్క. వాన వస్తే తడుస్తుంది. తడవనీ, మేము లోపల కూర్చుంటాము.

పెళ్ళిపందిరి, చలువపందిరి, మల్లెపందిరి - వీటిలో ఏదీ శాశ్వతం కాదు. పని తీరగానే తీసివేయడం పందిరి ధర్మం. అమరకోశం వితానం, ఉల్లోచం అని చెప్పినదాన్ని మన తెలుగువాళ్ళు మేలుకట్టు అన్నారు. కట్టినదాన్ని విప్పవచ్చునన్న మాట పేరులోనే ఉంది. పదాన్ని ఎన్నోసార్లు బోధించాను. అర్థం మాత్రం ఆవిడ చెప్పింది. మీ ఇళ్ళలోనూ గాలి లేచినప్పుడు ముందుగా లోపలికి వెళ్ళేదెవరో ఒకసారి గమనించండి.

మొన్న సాయంత్రం సముద్రం వైపునుంచి ఈదర లేచింది. నేను కదిలేలోగా ఆవిడే కొక్కేలు ఊడదీసి, గుడ్డ మూడు పట్టీలూ చుట్టి లోపల పెట్టి వచ్చింది. పైన ఆకాశం కనిపించింది. ఆవిడ కుర్చీ జరుపుకొని మళ్ళీ అక్కడే కూర్చుంది.