లాగిన్ తెర రావడం లేదా? ముందు సెకన్లు లెక్కపెట్టండి



2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసిపోయింది. పాత ల్యాప్‌టాప్‌ను తూకానికి వేయడానికి మనసొప్పక అందులో లినక్స్ వేసుకున్నవాళ్లు మీలో చాలామందే ఉన్నారని మీ ఉత్తరాలు చూస్తే తెలుస్తోంది. కొందరు మింట్, కొందరు ఉబుంటు, పాతకాపులు డెబియన్. అందరూ రాసే ఫిర్యాదుల్లో ఒకటి మాత్రం పదేపదే కనిపిస్తోంది. మెషీన్ ఆన్ చేశాక పేరు, పాస్‌వర్డ్ అడిగే తెర రావడానికే బోలెడంత సేపు పడుతోందట. ర్యామ్ పెంచమంటారా, మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమంటారా అని అడుగుతున్నారు.

రెండూ వద్దు. ముందు ఫోన్లో స్టాప్‌వాచ్ తెరిచి, ఆలస్యం ఎన్ని సెకన్లో చూడండి. మర్నాడు మళ్లీ చూడండి. రోజూ అంకె మారుతూ ఉంటే, హార్డ్ డిస్క్ దీపం ఆగకుండా మిణుకుమంటూ ఉంటే మీ మెషీన్ నిజంగానే కష్టపడుతోంది. అలా కాక రోజూ అదే అంకె వస్తోందా, అదీ 30, 90, 120 లాంటి గుండ్రటి అంకేనా, డిస్క్ దీపం చూస్తే నిద్రపోతోందా? అయితే అది పని చేయడం లేదు, ఎవరికోసమో ఆగి ఉంది. పెళ్లివారి బస్సులో అందరూ ఎక్కి కూర్చున్నాక రాని బావగారి కోసం ఎదురుచూస్తున్నట్టన్నమాట. ఆ బస్సుకి ఇంజను మార్చి ఏం లాభం?

ఎంతసేపు ఎదురుచూడాలన్నది ఆ ప్రోగ్రాము రాసినవాళ్లు ముందే పెట్టిన గడువు. అందుకే అంకె తెలిస్తే చాలాసార్లు ముద్దాయి ఎవరో కూడా తెలిసిపోతుంది.

మొదట 90 సంగతి. నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం దీనివే. ఈ రోజుల్లో చాలా లినక్సుల్లో బూట్ పనులన్నీ నడిపించేది సిస్టమ్‌డీ. ఏదైనా డిస్క్ భాగం కోసం అది మామూలుగా ఒకటిన్నర నిమిషం కాచుకుంటుంది. బూట్ అయ్యేటప్పుడు బొమ్మ ఉన్న తెర మీద ఎస్కేప్ మీట నొక్కి చూడండి. వెనక అక్షరాలు కనిపిస్తాయి. ఫలానా డిస్క్ కోసం స్టార్ట్ జాబ్ నడుస్తోంది అంటూ ఒక గడియారం 1 నిమిషం 30 సెకన్ల దాకా లెక్కపెడుతుంటే దొంగ దొరికినట్టే. సాధారణంగా జరిగే కథ ఇది: ముందు మింట్ వేసుకున్నారు. తర్వాత సరదాగా పక్కనే ఇంకో లినక్స్ వేశారు. ఆ రెండోది స్వాప్ పార్టిషన్‌ను తనూ వాడుకుందామని దాన్ని మళ్లీ ఫార్మాట్ చేసింది. ఫార్మాట్ చేయగానే పార్టిషన్ గుర్తింపు సంఖ్య, అంటే యూయూఐడీ, మారిపోతుంది. మింట్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అది రోజూ పాత సంఖ్య పట్టుకుని వెతికి, 90 సెకన్లు కాచి, విసిగి ముందుకు వెళ్తోంది.

వైద్యం సులువు. టెర్మినల్లో సుడో పెట్టి బీఎల్‌కేఐడీ అనే కమాండ్ కొడితే ఇప్పుడున్న అసలు సంఖ్యలు వస్తాయి. (కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.) వాటిని ఈటీసీ ఫోల్డర్లో ఉన్న ఎఫ్‌స్టాబ్ ఫైలుతో పోల్చండి. స్వాప్ వరసలో సంఖ్య తేడాగా ఉంటే సరిదిద్దండి. ఎప్పుడో పెట్టి తీసేసిన బయటి హార్డ్ డిస్క్ వరస ఇంకా మిగిలి ఉంటే దాని ముందు హ్యాష్ గుర్తు పెట్టండి. అప్పుడప్పుడూ పెట్టే డిస్క్ అయితే ఆ వరసలో నోఫెయిల్ అన్న మాట చేర్చండి. ఉంటే సరే, లేకపోతే దాని కోసం ఆగవద్దని దాని అర్థం. ఫైలు మార్చే ముందు దానికో కాపీ తీసి పెట్టుకోవడం మరవకండి. ఎఫ్‌స్టాబ్‌లో ఒక్క అక్షరం తప్పు పడితే లాగిన్ తెర ఆలస్యంగా రావడం కాదు, అసలే రాకపోవచ్చు.

డెబియన్, ఉబుంటు కుటుంబంలో ఇదే జబ్బుకి ఇంకో రూపం ఉంది. అది దాదాపు 30 సెకన్లు తింటుంది. నిద్రపుచ్చిన మెషీన్‌ను మళ్లీ లేపడానికి ఏ స్వాప్ వాడాలో రెజ్యూమ్ అనే చిన్న ఫైలులో రాసి ఉంటుంది. అందులోనూ పాత సంఖ్యే ఉంటే బూట్ మొదట్లోనే ఆగుతుంది. ఆ ఫైలు ఈటీసీలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ కింద, కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్లో ఉంటుంది. సరిచేశాక అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కమాండ్‌ను మైనస్ యూ తో నడపకపోతే మార్పు అమల్లోకి రాదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి, చెప్పినట్టే చేశాను, తగ్గలేదు అని రాస్తుంటారు.

ఇక నెట్‌వర్క్. మన ఊళ్లలో కరెంటు పోయి వస్తే రూటర్, కంప్యూటర్ ఒక్కసారే లేస్తాయి. రూటర్ తీరిగ్గా లేస్తుంది. నెట్‌వర్క్ మేనేజర్ వెయిట్ ఆన్‌లైన్ అని ఒక సర్వీసు ఉంది, దాని పనే నెట్‌వర్క్ కుదిరేదాకా, గరిష్ఠంగా 30 నుంచి 60 సెకన్లు కాచుకోవడం. సర్వర్లలో వాడే నెట్‌వర్క్‌డీలో దాని తోబుట్టువు 120 సెకన్లు ఆగుతుంది. సాధారణంగా లాగిన్ తెర వీటి కోసం ఆగదు. కానీ ఎఫ్‌స్టాబ్‌లో ఆఫీసు సర్వర్ ఫోల్డరో, ఇంట్లో ఇంకో మెషీన్ ఫోల్డరో నెట్‌వర్క్ ద్వారా తగిలించి ఉంటే మాత్రం ఆగుతుంది. ఎందుకంటే, యూజర్ హోమ్ ఫోల్డర్ ఆ నెట్‌వర్క్ ఫోల్డర్లోనే ఉందేమో అన్న అనుమానంతో సిస్టమ్‌డీ అవి తగిలాకే మనుషుల్ని లోపలికి రానిస్తుంది. అక్కడా నోఫెయిల్ పనిచేస్తుంది. ఆ సర్వీసునే పూర్తిగా ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఇంటి ల్యాప్‌టాప్ మీద పెద్ద ప్రమాదం లేదు గానీ, ఎవరు కాచుకుంటున్నారో తెలుసుకోకుండా కనిపించిన సర్వీసునల్లా ఆపే అలవాటు నాకు నచ్చదు.

5 సెకన్లు, 10 సెకన్ల విరామాలు కనిపిస్తే మెషీన్ పేరు మీద అనుమానపడండి. యూనిక్స్ ప్రపంచంలో లాగిన్ తెర నెట్‌వర్క్ మధ్యే పుట్టింది. 1988లో కీత్ పాకార్డ్ రాసిన ఎక్స్‌డీఎం దానికి ఆద్యుడు. ఇప్పటి జీడీఎం, ఎస్‌డీడీఎం, లైట్‌డీఎంలు అదే వంశం. కాబట్టి నా పేరేమిటి, నా చిరునామా ఏమిటి అని అడిగే అలవాటు ఆ ఇంట్లో పాతదే. మీరు కంప్యూటర్ పేరు మార్చి, ఈటీసీలోని హోస్ట్స్ ఫైలులో మార్చడం మరిచారనుకోండి. అది తన పేరునే బయటి డీఎన్‌ఎస్ సర్వర్‌ని అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకు 5 సెకన్లు, రెండు ప్రయత్నాలు. డెబియన్ కుటుంబంలో 127.0.1.1 పక్కన ఇప్పటి పేరు ఉందో లేదో చూస్తే చాలు. సుడో కొట్టినప్పుడల్లా కూడా నత్తనడక నడుస్తోందంటే ఇదే కారణం కావచ్చు. కొత్త విడుదలల్లో ఈ బాధ చాలామటుకు తగ్గింది.

అన్నిటికన్నా విచిత్రమైన కేసు ఇంకోటుంది. తెర నల్లగా నిలబడిపోతుంది. విసుగొచ్చి మౌస్ అటూ ఇటూ కదిపితే ఠక్కున లాగిన్ వస్తుంది! దయ్యం కాదు. లాగిన్ ప్రోగ్రాము మొదలవుతూనే ఒక రహస్య సంఖ్య తయారుచేసుకోవాలి, దానికి ఊహకందని యాదృచ్ఛిక సంఖ్యలు కావాలి. మీట నొక్కడం, మౌస్ కదలడం, డిస్క్ చదవడం లాంటి సంఘటనల మధ్య కాలంలోని చిన్న చిన్న తేడాల నుంచి కెర్నెల్ ఆ యాదృచ్ఛికతను పోగుచేస్తుంది. 2018లో ఒక భద్రతా లోపం సవరించాక, తగినంత పోగయ్యేదాకా అడిగినవాళ్లను ఆపడం మొదలుపెట్టింది. ఎస్‌ఎస్‌డీలు, వర్చువల్ మెషీన్లు ఉన్నచోట సంఘటనలే తక్కువ. దాంతో లాగిన్ ప్రోగ్రాము అక్కడే కూర్చుండిపోయింది. 2019లో వచ్చిన డెబియన్ 10 విడుదల పత్రంలోనే ఈ హెచ్చరిక ఉంది.

అదే ఏడాది సెప్టెంబరులో ఇంకా తమాషా జరిగింది. ఎక్స్‌ట్ 4 ఫైల్ వ్యవస్థకు ఎవరో మంచి మెరుగుదల చేశారు, బూట్‌లో డిస్క్ చదవడాలు తగ్గాయి. తగ్గడంతో యాదృచ్ఛికత కూడా తగ్గి, ఒక డెవలపర్ ల్యాప్‌టాప్ లాగిన్ దగ్గరే నిలిచిపోయింది. మెరుగుదలలో ఏ తప్పూ లేదు. అయినా సరే, మనుషుల మెషీన్లు బూట్ కాకపోతే అది మన తప్పే అన్న పద్ధతిలో లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని 5.3 విడుదలకు ముందు వెనక్కి తీసుకున్నాడు. 5.4లో, ఎవరైనా ఆగి ఉంటే కెర్నెలే ప్రాసెసర్ వేళల్లోని సూక్ష్మమైన తేడాలతో సొంతంగా యాదృచ్ఛికత పుట్టించుకునేలా మార్చాడు. అందుకని ఇప్పటి విడుదలల్లో మౌస్ వైద్యం అవసరం రాదు. పాత కెర్నెల్ వాడుతున్నవాళ్లు మాత్రం డీఎంఈఎస్‌జీ కమాండ్‌లో సీఆర్‌ఎన్‌జీ ఇనిట్ డన్ అన్న వరస ఎన్నో సెకనులో వచ్చిందో చూడండి. ఆలస్యంగా ఉంటే హావెజెడ్ అనే చిన్న ప్యాకేజీ ఆదుకుంటుంది. అంతకన్నా మంచిది కొత్త కెర్నెల్‌కి మారడం.

పాస్‌వర్డ్ కొట్టాక డెస్క్‌టాప్ రావడానికి ఆలస్యమైతే అది వేరే రోగం. దాన్ని దీనితో కలపకండి. ఒక కొత్త యూజర్ని సృష్టించి వాడితో లోపలికి వెళ్లి చూడండి. వాడికి వెంటనే తెరుచుకుంటే లోపం సిస్టమ్‌లో లేదు, మీ హోమ్ ఫోల్డర్లో ఉంది. దాచి ఉన్న కాన్ఫిగ్ ఫోల్డర్లో ఆటోస్టార్ట్ కింద ఏమేం చేరాయో చూడండి. సరిగ్గా 25 సెకన్లు పడుతుంటే డీ-బస్ ద్వారా ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రాముని పిలిచి జవాబు రాక కూర్చుందని అర్థం, దాని గడువు అంతే. పాస్‌వర్డ్ తీసుకుని మళ్లీ లాగిన్ తెరకే తిప్పి పంపుతుంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి అక్షరాల తెరలోకి వెళ్లి డీఎఫ్ మైనస్ హెచ్ కొట్టండి. డిస్క్ నూటికి నూరు నిండిపోయి ఉండవచ్చు. తప్పు పాస్‌వర్డ్ కొట్టాక ఆ రెండు సెకన్ల విరామం మాత్రం జబ్బు కాదు, ఊహించి కొట్టేవాళ్లను విసిగించడానికి కావాలని పెట్టింది. అన్నట్టు, తెలుగు కీబోర్డు పెట్టుకున్నవాళ్లు లాగిన్ తెర మూలన ఏ భాష ఉందో ఒకసారి చూసుకోండి. పాస్‌వర్డ్ సరైనదే, వెళ్తున్నవి మాత్రం తెలుగు అక్షరాలు.

లెక్క తేల్చే పనిముట్టు గురించి కూడా చెప్పాలి. సిస్టమ్‌డీ-ఎనలైజ్ అని కొడితే ఫర్మ్‌వేర్, లోడర్, కెర్నెల్, యూజర్ స్పేస్ ఒక్కోటీ ఎంత సేపు తీసుకున్నాయో చెబుతుంది. ఫర్మ్‌వేర్ దగ్గరే 20 సెకన్లు పోతుంటే లినక్స్‌ని తిట్టి ప్రయోజనం లేదు. దాని పక్కన బ్లేమ్ అని చేరిస్తే సర్వీసులన్నీ ఆలస్యం వరసలో వస్తాయి. అయితే ఆ జాబితాలో పైన ఉన్నవాళ్లంతా దోషులు కారు. ప్లైమౌత్ క్విట్ వెయిట్ తరచూ పైనే ఉంటుంది, పాపం దాని ఉద్యోగమే బూట్ అయ్యేదాకా కాచుకోవడం. బ్లేమ్ బదులు క్రిటికల్-చైన్ అని అడిగితే ఎవరి కోసం ఎవరు ఆగారో గొలుసుగా చూపిస్తుంది. నేను మొదట చూసేది అదే.

ఇన్ని చూసినా గుండ్రటి అంకె దొరకలేదు, డిస్క్ దీపం మాత్రం ఆరడం లేదంటే, పదేళ్ల నాటి తిరిగే డిస్క్ ఉన్న మెషీన్లో ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ వేయించండి. ర్యామ్ మీద పెట్టే డబ్బుకన్నా అదే ముందు ఫలితమిస్తుంది.

ఈసారి నాకు రాసేటప్పుడు చాలా స్లోగా ఉంది అని మాత్రం రాయకండి. ఏ లినక్స్, ఎన్నో విడుదల, ఆలస్యం పాస్‌వర్డ్‌కి ముందా తర్వాతా, ఎన్ని సెకన్లు, క్రిటికల్-చైన్ ఏం చూపించింది, ఇవి రాయండి. ఫోటో తీసి పంపినా సరే.